హేడీస్ ఆటలో తొలి గెలుపు: పాతాళం దాటే పద్ధతి

‘హేడీస్’ వీడియో గేమ్ మొదలుపెట్టిన చాలామంది ఇంచుమించు ఒకేచోట ఆగిపోతారు. మొదటి లోకం టార్టరస్‌ని ఎలాగో దాటుతారు. రెండోదైన ఆస్ఫొడెల్ నిప్పుల్లో సగం ప్రాణం పోగొట్టుకుంటారు. మూడోదైన ఎలీసియంలో థీసియస్ చేతిలో మళ్లీ మళ్లీ చచ్చి, తమ వేళ్లకి అంత వేగం లేదనుకుని ఆట మూసేస్తారు. వేగం కొంత కావాలి, కాదనం. కానీ మొదటి గెలుపు దగ్గర ఎక్కువగా అడ్డుపడేది వేరే ఉంది: దారిలో దేవతలిచ్చే వరమల్లా పోగేసుకోవడం. ఒక దెబ్బను ఎంచుకుని, దొరికిన బలమంతా దాని మీదే పెట్టినవాళ్లు మామూలు చేతివాటంతోనే బయటపడతారు. ఈ వ్యాసం అలా బయటపడాలనుకునేవాళ్ల కోసం. కథలోని మలుపులు ఇక్కడ చెప్పడం లేదు.

ఆట గురించి రెండు ముక్కలు. శాన్ ఫ్రాన్సిస్కోకి చెందిన సూపర్‌జయంట్ గేమ్స్ దీన్ని 2018 డిసెంబరులో ముందస్తు రూపంలో విడుదల చేసి, ఆడేవాళ్ల అభిప్రాయాలు వింటూ దిద్దుకుంటూ, 2020 సెప్టెంబరు 17న పూర్తి రూపంలో తెచ్చింది. ఆడే పాత్ర పేరు జాగ్రియస్. గ్రీకుల మృత్యులోకాన్ని ఏలే హేడీస్ కొడుకు. తండ్రి ఇంటి నుంచి పైకి, భూమ్మీదికి పారిపోవడమే అతని పని. చచ్చిన ప్రతిసారీ స్టిక్స్ నది మోసుకొచ్చి మళ్లీ ఇంట్లోనే పడేస్తుంది. అందుకే ఇక్కడ చావు అంటే ఆట ముగిసినట్టు కాదు. తెచ్చుకున్న చీకటి (శక్తులు కొనడానికి పనికొచ్చే సరుకు), తాళంచెవులు, రత్నాలు, అమృతం సీసాలు ఇంటికి చేరాయన్నమాట. వాటిని ఎక్కడ ఖర్చుపెట్టారన్నదే తర్వాతి ప్రయత్నం ఎంత దూరం వెళ్తుందో చెబుతుంది.

పారిపోయే ముందు ఇంట్లో పనులు

జాగ్రియస్ పడకగదిలో రాత్రి దేవత నిక్స్ ఇచ్చిన అద్దం ఉంటుంది. మొదట్లో అందులో నాలుగు శక్తులే తెరిచి ఉంటాయి, మిగతావాటిని తాళంచెవులిచ్చి తెరవాలి. చీకటి చేతికి రాగానే కొనాల్సిన మొదటి రెండూ ఇవి: చచ్చే దెబ్బ తగిలినా సగం ప్రాణంతో లేపే శక్తి, మొదటి మెట్టు 30 చీకటి. రెండోసారి వెంటనే డ్యాష్ (ఒక్క ఉదుటున దూసుకెళ్లడం) చేయనిచ్చే శక్తి, 50 చీకటి. మొదటిదానికి ఇంకో రెండు మెట్లున్నాయి. రెండోది 500, మూడోది 1000. ఖరీదు చూసి జంకొద్దు. మూడు మెట్లూ కొన్నాక ఒక్కో ప్రయత్నంలో మూడుసార్లు అదనంగా బతుకుతారు. మొదటి గెలుపుకి దీనంత సాయం చేసే శక్తి ఆ అద్దంలో ఇంకోటి లేదు.

వెనక నుంచి కొట్టే దెబ్బకి మెట్టుకి 10 శాతం బలం పెంచేది, గరిష్ఠ ప్రాణాన్ని మెట్టుకి 5 చొప్పున పెంచేది ఆ తర్వాత. జాగ్రియస్ మొదటి ప్రాణం 50 మాత్రమే. ఆ రెండోదాన్ని పది మెట్లూ ఎక్కిస్తే అది 100 అవుతుంది. చీకటి తప్పుచోట పెట్టామే అని బాధపడక్కర్లేదు. ఒక్క తాళంచెవి ఇస్తే అద్దం మొత్తం చీకటినీ తిరిగిచ్చేస్తుంది.

అమృతం సీసా దొరకగానే ఎవరికివ్వాలి? మొదట సెర్బరస్‌కి. హాల్లో పడుకుని ఉండే మూడు తలల కుక్క. బదులుగా తన మెడపట్టీ ఇస్తుంది, అది పెట్టుకుంటే ప్రాణం 25 పెరుగుతుంది. 50 ఉన్నవాడికి 25 అంటే సగం పెరిగినట్టే. తర్వాత ఆయుధశాలలో సాధన కోసం నిలబడే అస్థిపంజరం స్కెల్లీకి. వాడిచ్చే పన్ను ఒకసారి చచ్చాక 50 ప్రాణంతో లేపుతుంది. ఎవరికైనా మొదటి సీసాకే కానుక వస్తుంది. అందుకని ఒకరికే వరసగా పోయకుండా అందరికీ తలొకటి ఇచ్చి కానుకలు పోగుచేసుకోండి. కానుక పెట్టుకుని 25 పోరాటాలు ముగిస్తే అది ఒక మెట్టు ఎక్కుతుంది.

రత్నాల్ని ఇంటి మేస్త్రీ దగ్గర మొదట ఊటగదుల మీద పెట్టండి. అవి దారి మధ్యలో ప్రాణం నింపుకునే గదులు. తివాచీలూ బొమ్మలూ అందంగానే ఉంటాయి గానీ, కొన్నాళ్లు ఆగగలవు.

ఆయుధాల్లో విల్లుకి 1 తాళంచెవి, డాలుకి 3, ఈటెకి 4. నేర్చుకునేవాళ్లకి డాలుని గట్టిగా సిఫారసు చేస్తాం. దాడి మీట నొక్కి పట్టుకుంటే ఎదురుగా వచ్చే దెబ్బలన్నీ ఆగిపోతాయి. వదిలితే దూసుకెళ్లి గుద్దుతుంది. విసిరితే శత్రువు నుంచి శత్రువుకి తగిలి చేతికి తిరిగొస్తుంది. ఆయుధాల్లో ఒకటి ఊదారంగులో మెరుస్తూ కనిపిస్తే, ఆ పూట దానితో ఆడితే చీకటి 20 శాతం ఎక్కువ వస్తుంది. డాలు మీద చెయ్యి కుదిరాక ఆ మెరుపుని బట్టి ఆయుధం మార్చుకుంటూ వెళ్లడం మంచి అలవాటు.

ఇవన్నీ చేసినా కష్టంగా ఉంటే సెట్టింగ్స్‌లో ‘గాడ్ మోడ్’ ఆన్ చేయండి. తగిలే దెబ్బలు 20 శాతం తగ్గుతాయి. చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, గరిష్ఠంగా 80 శాతం వరకు. కథలో గానీ బహుమతుల్లో గానీ ఏమీ తగ్గదు. ఇది వాడటం తప్పని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఆట తయారుచేసినవాళ్లే అందరూ కథ చివరిదాకా చూడాలని పెట్టిన వెసులుబాటు ఇది.

డ్యాష్ గురించి నిజాయితీగా

కీబోర్డు మీద స్పేస్ నొక్కితే డ్యాష్, మౌస్ ఎడమ బటన్ దాడి, క్యూ స్పెషల్ (ఆయుధం రెండో రకం దెబ్బ), కుడి బటన్ దూరం నుంచి కొట్టే రక్తశిల విసరడం, ఎఫ్ దేవుణ్ని సాయం పిలవడం. కంట్రోలర్ ఉంటే దానితోనే ఆడండి, వేళ్లకి సుళువు.

డ్యాష్ చేస్తున్న ఆ కాస్తసేపూ దెబ్బ తగలదు. చిక్కంతా దాని తర్వాతే. రెండు డ్యాషులు కొన్నవాళ్లు ఆ రెండింటినీ ఒక్క ఊపులో వాడేస్తారు. రెండోది అయ్యాక ఒక చిన్న విరామం ఉంటుంది, మూడో దెబ్బ సరిగ్గా అందులోనే తగులుతుంది. “నేను డ్యాష్ నొక్కాను, పని చేయలేదు” అనే ఫిర్యాదులో చాలాసార్లు జరిగింది ఇదే. ఒకటి తప్పించుకోవడానికి, ఒకటి చేతిలో ఉంచుకోవడానికి అని లెక్క పెట్టుకోండి. ఇంకో మాట: దెబ్బకి దూరంగా పారిపోయేలా కాకుండా శత్రువు మీదుగా వెనక్కి డ్యాష్ చేయండి. వెన్ను దొరుకుతుంది, అద్దంలో కొన్న వెనకదెబ్బ బలం పనికొస్తుంది.

డ్యాష్ చేస్తూనే దాడి మీట నొక్కితే విడిగా ఒక డ్యాష్ దెబ్బ పడుతుంది. ఇంట్లో స్కెల్లీ మీద పది నిమిషాలు ఇదొక్కటే సాధన చేయండి: డ్యాష్, దెబ్బ, ఆగు. డ్యాష్, దెబ్బ, ఆగు. ఆ ఆగడం ఒంటికి పట్టాలి.

వరాలు: ఒక దెబ్బ మీదే పెట్టుబడి

ఒలింపస్ దేవతలు దారిలో మూడేసి వరాలు చూపిస్తారు, ఒకటి తీసుకోవాలి. వరాలు కూర్చునే ప్రధాన చోట్లు ఐదు: దాడి, స్పెషల్, రక్తశిల, డ్యాష్, దేవుణ్ని పిలవడం. హెర్మీస్‌నీ, ఆదిశక్తి కేయాస్‌నీ పక్కన పెడితే ఒక ప్రయత్నంలో మామూలుగా నలుగురు దేవతలే కలుస్తారు. అందుకని మొదటి రెండు మూడు వరాలతోనే దారి ఖాయమైపోతుంది.

మొదట తేల్చుకోవాల్సింది: మీరు ఎక్కువగా నొక్కేది దాడా, స్పెషలా? దాన్నిబట్టి దేవుడు. ఇక్కడ చిన్న లెక్క ఉంది, చాలామంది పట్టించుకోనిది. వరాలు రెండు రకాలు. కొన్ని దెబ్బ బలాన్ని శాతంలో పెంచుతాయి. దాడి మీద సాధారణ స్థాయిలో ఆఫ్రొడైటీ 50 శాతం, అథీనా, డిమీటర్ చెరో 40 శాతం, పొసైడన్ 30 శాతం. ఇంకొన్ని ప్రతి దెబ్బకీ ఒక స్థిరమైన మొత్తాన్ని కలుపుతాయి. జ్యూస్ మెరుపు తగిలినచోటల్లా 10. ఇప్పుడు కత్తి స్పెషల్ తీసుకోండి, దాని బలం 50. దానికి 50 శాతం కలిపితే 25 అదనం, మెరుపైతే అంత రాదు. అదే 15 బలమున్న చురుకైన దెబ్బ అనుకోండి. 50 శాతం అంటే 7.5 మాత్రమే. మెరుపు 10 ఇవ్వడమే కాదు, పక్కవాళ్లకీ పాకుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, నెమ్మదైన బరువు దెబ్బలకి శాతం, చకచకా పడే దెబ్బలకి స్థిరమొత్తం.

ఆరీస్ విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. ఆయన దాడి వరం వేసే శాపం 1.1 సెకన్ల తర్వాత పేలుతుంది, సాధారణ స్థాయిలో 50 బలం. అంకె చూసి ఎగబడి తీసుకుంటారు. కానీ ఒక శాపం పేలేలోపు మీరు ఎన్ని దెబ్బలు కొట్టినా అదే శత్రువు మీద ఇంకోటి పడదు. చకచకా కొట్టే ఆయుధానికి పెడితే సగానికి పైగా దెబ్బలు వృథా. ఒక్కటి కొట్టి పక్కకి తప్పుకునే తీరుకి మాత్రం అద్భుతంగా కుదురుతుంది. డయోనిసస్ మత్తు ఇంకోలా పనిచేస్తుంది. అర సెకనుకోసారి ప్రాణం తీస్తూ 4 సెకన్లుంటుంది, ఒకదానిమీద ఒకటి ఐదు వరకు పేరుకుంటుంది. ఐదూ ఎక్కించి దూరంగా తిరిగితే చాలు, శత్రువు కరిగిపోతాడు. ఒక్కో లోకం చివర ఎదురయ్యే పెద్ద శత్రువుల, అంటే బాస్‌ల దగ్గర భయపడేవాళ్లకి ఇది ఊరట.

డ్యాష్ చోటుకి కొత్తవాళ్లు ఆలోచించాల్సిన పని లేదు: అథీనా. ఆమె డ్యాష్ వచ్చే బాణాల్నీ అగ్నిగోళాల్నీ తిప్పికొడుతుంది. మీరు తప్పించుకోవడమే దాడిగా మారుతుంది. మొదటి గెలుపు కోసం ఆడుతున్నప్పుడు అథీనా కానుక పెట్టుకునే బయల్దేరండి. దేవుడిచ్చిన కానుక పెట్టుకుంటే తర్వాత దొరికే వరం ఆ దేవుడిదే అవుతుంది. ఆ కానుక కోసం అథీనాకి ముందే ఒక సీసా ఇచ్చి ఉండాలి. దారిలో ఆమె వరం దొరికినప్పుడు ఇవ్వచ్చు.

ఇద్దరు దేవతల శాపాలు ఒకే శత్రువు మీద ఉంటే అదనపు బలమిచ్చే శక్తి అద్దంలో ఉంది, మొదటి మెట్టుకి 20 శాతం, రెండోదానికి 40. అందుకని దాడికి ఒక దేవుడు, స్పెషల్‌కి మరో దేవుడు కుదిరితే మేలు. ఉదాహరణకి స్పెషల్ మీద ఆఫ్రొడైటీ పెడితే శత్రువు నీరసించి 30 శాతం తక్కువ బలంతో కొడతాడు. దాడి మీద డయోనిసస్ మత్తు ఎక్కిస్తే అద్దం శక్తి లేస్తుంది. మీకు దెబ్బ తగ్గుతుంది, వాడికి పెరుగుతుంది. రెండు వరాలతో ఇంత ఒరగడం మామూలు విషయం కాదు.

దానిమ్మపండు దొరికితే ఉన్న వరం ఒక మెట్టు పెరుగుతుంది. ఎప్పుడూ ప్రధాన దెబ్బకే పెట్టండి. డెడాలస్ సుత్తి దొరికితే ఆయుధం తీరే మారిపోతుంది. మామూలుగా ఒక ప్రయత్నంలో రెండు దొరుకుతాయి. సుత్తి దాడిని మార్చేలా ఉందా, స్పెషల్‌నా అని చదివి, వరాలున్న వైపుదే తీసుకోండి. దాడి మీద వరాలన్నీ పెట్టి స్పెషల్‌కి సుత్తి తీసుకోవడం, ఆ తర్వాత ఆటని తిట్టుకోవడం, ఇది చాలా తరచుగా జరిగే పని.

తలుపు ఎంచుకోవడం, డబ్బు దాచుకోవడం

ప్రతి తలుపు మీదా లోపల దొరికేది గుర్తుగా ఉంటుంది. బంగారు ఆకుల దండ ఉన్నవి ఈ ప్రయత్నానికి పనికొచ్చేవి: వరం, సుత్తి, దానిమ్మ, ప్రాణం పెంచే సెంటార్ గుండె, ఒబోలు నాణేలు. నీలం దండ ఉన్నవి ఇంటికి తీసుకెళ్లేవి: చీకటి, రత్నాలు, తాళంచెవులు. మొదటి పది పదిహేను ప్రయత్నాల్లో నీలం వైపు మొగ్గండి, గెలుపు గురించి మర్చిపోండి. అద్దం కాస్త నిండాక బంగారం వైపు తిరగండి. రెండింటికీ మధ్య ఊగితే ఏదీ చాలినంత రాదు. కపాలం గుర్తున్న తలుపు వెనక చిన్న బాస్ ఉంటాడు. ప్రాణం నిండా ఉంటేనే అటు వెళ్లండి.

ఒబోలు చేతికి రాగానే బావుల దగ్గర చిల్లర వస్తువులకి ఖర్చయిపోతుంటాయి. దారిలో సరుకులమ్మే కేరన్ దుకాణంలో దేవుడి వరం 150, సెంటార్ గుండె 125. ఆ గుండె గరిష్ఠ ప్రాణాన్ని 25 పెంచుతుంది. ఈ రెండింటికీ సరిపడా దాచుకుని దుకాణానికి చేరండి. కేయాస్ దారిలో అడుగుపెట్టాలంటే ప్రాణం చెల్లించాలి, వరం ఫలించేముందు కొన్ని పోరాటాల వరకు ఒక శాపం మోయాలి. టార్టరస్‌లో శత్రువులు బలహీనం కాబట్టి అక్కడే తీసుకుంటే శాపం తేలిగ్గా గడుస్తుంది.

మధ్యలో కరెంటు పోయినా, పని పడినా గది మధ్యలో ఆట మూసేయొచ్చు. మళ్లీ తెరిస్తే ఆ గది మొదటి నుంచి మొదలవుతుంది.

ఒక్కో లోకం

టార్టరస్‌లో నేల మీద మీటలూ ముళ్లూ ఉంటాయి. అవి శత్రువులకీ గుచ్చుకుంటాయి, వాళ్లని అటు లాగండి. చివర బాస్ మెగేరా. ఆమె దూసుకొచ్చే ముందు ఒక క్షణం వెనక్కి కుంగుతుంది. అప్పుడు పక్కకి డ్యాష్ చేసి, ఆమె ఆగిన చోట రెండు దెబ్బలు కొట్టి తప్పుకోండి. మూడో దెబ్బకి ఆశపడితే కొరడా తగులుతుంది.

ఆస్ఫొడెల్ గ్రీకు పురాణాల్లో మామూలు మనుషుల ఆత్మలు తిరిగే పచ్చిక. ఈ ఆటలో ఫ్లెగెథాన్ అనే అగ్నినది దాన్ని ముంచేసింది. నిప్పు మీద నిలబడితే ప్రాణం కారిపోతుంది, డ్యాష్‌తో మాత్రం దాటొచ్చు. గోర్గన్ తలలు మిమ్మల్ని రాయిగా మారుస్తాయి కాబట్టి గదిలో అడుగుపెట్టగానే మొదట వాటినే చంపండి. ఇక్కడి బాస్ హైడ్రా. దాని ఎముకల తల మధ్యమధ్యలో దెబ్బ తగలని స్థితికి వెళ్లి చుట్టూ చిన్న తలల్ని మొలిపిస్తుంది. అప్పుడు పెద్ద తలని కొట్టడం వృథా. చిన్నవాటిని ఒక వైపు నుంచి వరసగా తెంపుకుంటూ రండి. ఈ లోకంలో యురిడిసీ గది తగిలితే, ఉన్న వరాల స్థాయి పెంచే వంటకం తీసుకోండి.

ఎలీసియం దగ్గరే అసలు పరీక్ష. ఇక్కడి వీరులు చచ్చాక ఆత్మగా మారి, కాస్సేపటికి మళ్లీ లేస్తారు. ఒకణ్ని పడగొట్టగానే ఇంకొకడి వైపు తిరగడం ఇక్కడి మొదటి తప్పు. ఆ ఆత్మని కూడా కొట్టి ముగించాకే కదలండి. డాలు పట్టినవాళ్లకి ముందు నుంచి దెబ్బ తగలదు.

ఇక్కడి బాస్‌లు థీసియస్, ఎద్దు తల ఉన్న ఆస్టీరియస్ జంటలో ఎవరిని ముందు చంపాలన్న ప్రశ్నకి మా జవాబు ఆస్టీరియస్. క్రీట్ చిక్కుదారుల్లో థీసియస్ ఆ ఎద్దుమనిషిని చంపిన కథ అందరికీ తెలిసిందే. ఇక్కడ వాళ్లిద్దరూ స్నేహితులు. థీసియస్ డాలు అడ్డుపెట్టి దూరం నుంచి ఈటె విసురుతాడు. అతని వెంట పడితే మీ వెన్ను ఎద్దుకి దొరుకుతుంది. స్తంభానికి మీరు ముందు నిలబడి, ఆస్టీరియస్ దూసుకొచ్చాక పక్కకి తప్పుకోండి. స్తంభాన్ని గుద్దుకుని కాసేపు తూలుతాడు, మీ బరువు దెబ్బలన్నీ అప్పుడే. ఒక్కడే మిగిలిన థీసియస్ సగం ప్రాణం తర్వాత దేవుడి సాయం పిలుస్తాడు. నేల మీద గుర్తులు చూసి కదులుతూ ఉండండి. ఈటె విసిరిన క్షణంలో డాలు పక్కకి జరుగుతుంది, అతని వెనక్కి డ్యాష్ చేసి కొట్టండి.

స్టిక్స్ గుడిలో ఐదు సొరంగాలు. వాటిలో ఒకదాని చివర సంచి ఉంటుంది, అది తెచ్చి సెర్బరస్‌కి ఇస్తేనే దారి వదులుతుంది. ఎందులో ఉందో ముందు తెలియదు కాబట్టి పైన గుర్తు చూసి మీకు కావాల్సిన బహుమతి ఉన్న సొరంగం నుంచి మొదలుపెట్టండి. ఎలుకలూ మేకకాళ్ల సాటర్లూ విషం ఎక్కిస్తాయి. గదిలో విషం కడుక్కునే కుండీ ఎక్కడుందో అడుగుపెట్టగానే చూసుకోండి. బయటకి వెళ్లేముందు అక్కడి దుకాణంలో చేతిలో ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టేయండి. ఇకపై దాచుకుని లాభం లేదు.

చివర హేడీస్. రెండు ప్రాణపట్టీలు. మొదటిది ఖాళీ అయ్యిందని సంబరపడి ఆగకండి. మాయమైపోయినప్పుడు ఒక చోట నిలబడొద్దు, గుండ్రంగా తిరుగుతూ ఉండండి. కనపడిన వెంటనే ఈటెతో చుట్టూ పెద్ద గీత గీస్తాడు. ఒక డ్యాష్ దాచుకోమన్నది దానికోసమే. రెండో పట్టీలో కిరణాలు వదులుతాడు, అప్పుడు స్తంభం చాటుకి వెళ్లండి. నింపుకున్న దేవుడి పిలుపుని మొదటి పట్టీలో వాడేయకుండా రెండోదానికి ఉంచుకోండి. ఎక్కువ ప్రయత్నాలు పాడయ్యేది ఆ చివరి పావు ప్రాణం దగ్గర తొందరపడటం వల్లే.

ప్రధాన కథ ముగియాలంటే ఇలా పదిసార్లు బయటపడాలి. మొదటి గెలుపు తర్వాత ఆటని కష్టతరం చేసుకునే ఒప్పందపత్రం తెరుచుకుంటుంది. దాన్ని వెంటనే ముట్టుకోకుండా, మిగతా ఐదు ఆయుధాలతోనూ ఒక్కోసారి వెళ్లండి. కొత్త ఆయుధంతో ఓడించిన ప్రతి బాస్ నుంచీ టైటన్ రక్తం, వజ్రం లాంటి అరుదైన బహుమతులు మళ్లీ దొరుకుతాయి.